పదహారో గది

పెట్టె మీద ఎర్రదీపం ఆరిపోయింది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఏ దీపమూ లేదు. తర్వాత పచ్చదీపం వెలిగింది, మిణుకుమనకుండా, నిలకడగా.

"వచ్చేసింది గురువుగారూ! లైను వచ్చేసింది!" అంటూ నిచ్చెన గెంతాడు. గెంతి, పైకప్పుకు వేలాడదీసిన అట్ట చందమామకు తల కొట్టుకున్నాడు. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కేబుళ్లు లాగే మనిషి అతను. స్తంభం మీద పని సగం నేల మీద నిలబడే చేసేయగల పొడగరని నిచ్చెన అనే పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసి చాలా కాలమైంది.

మేమున్నది ఒక బడిలో, వేదిక పక్కనున్న సామాన్ల గదిలో. వినికిడి లేని పిల్లల బడి అది. గది నిండా నాటకాల సరంజామా: రంగులు వేసిన అట్ట చెట్లు, ఒక కాలు విరిగిన సింహాసనం, మూతలు బిగుసుకుపోయిన రంగు డబ్బాలు. వాటి మధ్య మేం తెచ్చి పెట్టిన లైను పెట్టె, దాని పక్కన కెమెరా బొమ్మను అవతలి ఊరికి పంపే యంత్రం, గోడకు ఒక ఫోను. తలుపు తీస్తే వేదిక, దాని ముందు హాలు. హాల్లో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్నవాళ్లు. వేదిక మీద పెద్ద తెర. తెర పక్కన నా మనవరాలు, రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని.

ఆ జేబుల సంగతి ముందు చెప్పాలి.

ఈ బడి పిల్లలు ఒకరికొకరు పేర్లు చేతులతో పెట్టుకుంటారు. నా మనవరాలి పేరు బుగ్గసొట్ట. చూపుడువేలు బుగ్గలో గుచ్చి ఒకసారి తిప్పితే అదే తను. ఆ పేరు పెట్టింది తన స్నేహితురాలు జడ. భుజం మీద లేని బరువునేదో వెనక్కి విసిరినట్టు చేస్తే జడ. నా పేరు తీగ, వేలి చుట్టూ వేలు చుట్టడం. నా భార్య పేరు కళ్లజోడు. మా ఇంట్లో అందరికంటే ముందు ఈ భాష నేర్చుకున్నది ఆవిడే. నేర్చుకుని ఊరుకుందా, భోజనాల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, తప్పు పెట్టినప్పుడల్లా వేళ్ల మీద చిన్నగా తట్టి, నాకూ నేర్పింది. నేను మనవరాలితో మాట్లాడగలనని నమ్మకం కుదిరాకే కళ్లు మూసింది. ఆ మేలు నాకు రోజూ తెలుస్తుంది, పొద్దున్నే గుమ్మంలో నిలబడి "లేచావా?" అని చేయి ఊపినప్పుడు.

జడ వాళ్ల నాన్నకు బదిలీ అయింది. వెళ్లిన ఊళ్లోనూ ఇలాంటి బడే ఉంది కాబట్టి జడకు చదువుకు లోటు రాలేదు. లోటు వచ్చింది మా ఇంటికే. ఆ రోజు నుంచి బుగ్గసొట్ట చేతులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. నోటితో మాట్లాడే పిల్లలు అలిగితే మూతి బిగిస్తారు. వీళ్లు అలిగితే చేతులు దాచుకుంటారు. అన్నం తినడానికి బయటికి తీసేది, పళ్లు తోముకోవడానికి తీసేది, మళ్లీ లోపలికి. నాకూ వాళ్లమ్మకూ తలూపుళ్లు మాత్రమే మిగిలాయి. జడకు ఉత్తరం రాయమంటే భుజాలెగరేసింది.

వాళ్లిద్దరూ కలిసి అల్లిన కథ ఒకటుంది. పైకీ కిందికీ తిరిగి తిరిగి విసుగెత్తిన ఒక లిఫ్టు, ఒకరోజు పక్కకు వెళ్లాలనుకుంటుంది. గోడ చీల్చుకుని వీధిలో పడి, సముద్రం దాకా పోతుంది. లోపల ఒక ముసలాయన ఇరుక్కుపోయి ఉంటాడు. ఎడమ అరచేయి లిఫ్టు, దాని మీద నిలబెట్టిన కుడిచేతి రెండు వేళ్లు ముసలాయన. ఆ వేళ్లు భయంతో మోకాళ్లు వణికించడం చూస్తే ఎంత పెద్దమనిషైనా పడీపడీ నవ్వాల్సిందే. వీధి దాకా బుగ్గసొట్ట చెప్పాలి, అక్కడి నుంచి సముద్రం దాకా జడ చెప్పాలి. బడి వార్షికోత్సవంలో వేస్తామని పెద్ద టీచరు దగ్గర మాట కూడా తీసుకున్నారు. ఇప్పుడు జడ లేదు. జడ లేకపోతే వేదిక ఎక్కనని బుగ్గసొట్ట తేల్చేసింది. అది కూడా చేతులు తీయకుండా, తల అడ్డంగా ఊపి.

జడను తెర మీద తెస్తేనో అని నాకు తోచింది. జీవితమంతా ఊరికీ ఊరికీ మధ్య గొంతులు మోసినవాణ్ణి, ఒక్కసారి చేతులు మోయలేనా?

మా ఊరికీ ఆ ఊరికీ మధ్య ఒక లీజు లైను ఖాళీగా ఉంది. ఒక పెద్ద కంపెనీ తన ఫోన్ల కోసం అద్దెకు తీసుకున్నది. సరిగ్గా ఇవాళ మధ్యాహ్నం నుంచి వాళ్లది. అప్పటిదాకా బడికి ఇవ్వమని మా పై అధికారిని అడిగాను. తలెత్తకుండా సంతకం పెట్టాడు. నేను తలుపు దాకా వెళ్లాక మాత్రం, "అవునూ, ఆ లిఫ్టు చివరికి సముద్రంలో దూకుతుందా?" అని అడిగాడు. మనుషుల్లో ఇలాంటివి బయటపడుతుంటాయి.

ముందు ఆ లైన్లో ఒక్క గది తీసుకుని ప్రయత్నించాం. గది అంటే ఏమిటో చెప్తాను. లైనంటే ఒకటే తీగే అయినా, మేం దాన్ని గదులుగా కోస్తాం. ఒక్కో గదిలో ఒక్కో ఫోను గొంతు. ఒక గదిలో ఎవరో పెళ్లిచూపుల కబుర్లు చెప్పుకుంటుంటే, పక్క గదిలో ఇంకెవరో అన్నదమ్ములు పోట్లాడుకుంటుంటారు. ఒకరి మాట ఒకరికి వినపడదు. ఇలాంటి దాన్ని కాగితాల మీద చానలైజ్డ్ లైను అంటారు. గోడలన్నీ తీసేసి, తీగ మొత్తాన్ని ఒకే సరుకుకు ఇచ్చేస్తే అది అన్‌చానలైజ్డ్. ఈ రెండో మాట నిచ్చెన నోట్లో ఎప్పుడూ నలిగిపోతుంది కాబట్టి మేమిద్దరం గదుల లైను, హాలు లైను అని పిలుచుకుంటాం.

ఒక్క గదిలో జడ ముఖం వచ్చింది. కానీ చేయి కదిపితే చాలు, వేళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఎంతసేపటికో బుగ్గసొట్ట కుడిచేయి జేబులోంచి వచ్చింది.

"జడ నీళ్లలోంచి మాట్లాడుతోంది," అంది. చేయి మళ్లీ లోపలికి.

బదిలీ తర్వాత నేను చూసిన మొదటి వాక్యం అది. ఆ సాయంత్రం మా ఆవిడ దారాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. పొడుగాటి రేకు పెట్టె. లోపల అట్టలు నిలబెట్టి చేసిన చిన్న చిన్న అరలు, అరకో దారపు ఉండ.

"ఇది గదుల లైను," అన్నాను చేతులతో. "ఒక్కో ఉండా ఒక్కో గొంతు. హాయిగా పడుతుంది." తర్వాత తన జుట్టు రిబ్బను తీసి చూపించాను. "ఇది జడ చేతులు. ఏ అరలోనైనా పడుతుందా?"

తల అడ్డంగా ఊపింది.

"అయితే కత్తెర తెస్తాను. ముక్కలు చేసి సర్దుదాం."

ఠక్కున రెండు చేతులూ బయటికొచ్చాయి. "వద్దు! గోడలు తీసెయ్!"

అట్టలు ఒక్కొక్కటే పీకేశాను. దారపు ఉండలు బల్ల మీద దొర్లాయి. మధ్యలో ఒక అర మిగిలింది. మా ఆవిడ కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ అందులో ఉంటుంది. గోరంత వస్తువు. బుగ్గసొట్ట దాన్ని చూపించి, "అది?" అంది.

"అది ఉండనీ," అన్నాను. "చూడు, మొత్తం తీసేశాం. ఇదీ హాలు లైను."

తను నా ముఖం వైపు ఒకసారి చూసింది. తర్వాత రిబ్బను పరిచింది. ఆ అర దగ్గరికొచ్చేసరికి వంపు తిప్పి, చుట్టూ తీసుకెళ్లింది.

అదిగో, అలా హాలు లైను వేయడానికి ఇవాళ ఈ అట్ట చెట్ల మధ్య కూర్చున్నాం. పచ్చదీపం వెలిగింది. నేను బొమ్మ యంత్రం మీట నొక్కి, తలుపు సందులోంచి తెర వైపు చూశాను.

తెర నీలంగా ఉంది. నీలంగానే ఉంది.

"వస్తుంది, వస్తుంది," అన్నాడు నిచ్చెన. "అంత దూరం నుంచి రావద్దూ?"

"నడిచి రావడం లేదు నిచ్చెనా."

గోడ మీద ఫోను మోగింది. అవతలి ఊరి ఎక్స్ఛేంజిలో లైను చూసే ఆవిడ. ముఖాలు చూసుకున్నది ఎన్నడూ లేదు, కానీ ఏళ్ల తరబడి ఒకరి గొంతు ఒకరికి అలవాటై ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ఫోను ఎత్తగానే మాటకు ముందు "ఆఁ..." అని ఒక్కటే శ్రుతిలో సాగదీస్తుంది కాబట్టి రెండు ఊళ్లలోనూ ఆవిడ పేరు డయల్‌టోన్.

"ఆఁ... అన్నయ్యా, నా దగ్గర పచ్చదీపం కళకళలాడుతోంది. మనమ్మాయి మొదలెట్టిందా? ఇక్కడ బడివాళ్లు తెర నీలంగా ఉందంటున్నారు, మీరింకా మీట నొక్కలేదనుకున్నా."

"నొక్కాను చెల్లెమ్మా. మా తెరా నీలమే."

"అదేంటి! దీపం పచ్చగా ఉంటే బొమ్మ నీలంగా ఉండటమేంటి?"

"గదులన్నీ తీసేశావా?"

"మొత్తం తీసేశా. మీరు పొద్దున చెప్పగానే నా చేత్తో నేనే తీసేశా. మీరు?"

"నా పెట్టె కొత్తది. గదులు కావాలా వద్దా అని ఒక్క ప్రశ్న అడిగింది. వద్దన్నాను."

"మరింకేం? ఆ బొమ్మ యంత్రానికే ఏదో రోగం."

"అదే నేనూ అంటున్నా!" అని నిచ్చెన ఫోనులో పడేలా అరిచాడు. "దీపం వెలిగిందంటే లైను మగాడు! రోగం యంత్రానిదే!"

యంత్రం విప్పి బిగించాం. తీగలు మార్చాం. పాత తీగ తీసి కొత్తది వేశాం, కొత్తది తీసి పాతదే వేశాం. నిచ్చెన పెట్టె వెనక పాకుతూ వెళ్లి సింహాసనం మిగతా కాళ్లలో ఒకటి విరగ్గొట్టాడు. నేను పెట్టె మీద చిన్న అద్దంలో తప్పుల లెక్క చూస్తున్నాను. అంకెలు వానచినుకుల్లా పెరిగిపోతున్నాయి. అంటే సరుకు రావడం లేదని కాదు, వస్తోంది. వచ్చినదంతా చిందరవందరగా వస్తోంది. ఆ సంగతి తెలిశాక నాకు భయం బదులు ఒక హుషారు పుట్టింది. చచ్చిన లైనైతే చేసేదేమీ లేదు. ఇది బతికున్న లైను. ఏదో చెప్తోంది, నాకు అర్థం కావడం లేదు, అంతే.

నేల అదరడం మొదలైంది. హాల్లో పిల్లలు పాదాలతో నేలను కొడుతున్నారు. ఈ బడిలో తొందరపెట్టడం అంటే అదే. చెక్క నేల గుండా ఆ చప్పుడు మా పెట్టెలోకి, మా మోకాళ్లలోకి వస్తోంది.

పెద్ద టీచరు తలుపు తోసుకుని వచ్చింది. నోటితో మాట్లాడుతున్నా ఆవిడ చేతులు ఊరుకోవు, రెండూ ఒకేసారి చెప్తాయి.

"బాబుగారూ, నేను మూడుసార్లు వేదికెక్కి ఇదిగో అదిగో అన్నాను. నాకొచ్చిన జోకులన్నీ అయిపోయాయి. ఇంకొకటి చెప్పమన్నా పిల్లలే కొట్టేలా ఉన్నారు."

"ఇంకొంచెం, టీచరుగారూ."

"కొంచెమంటే సరే. కానీ మధ్యాహ్నానికి లైను వెళ్లిపోతుందన్నారు కదా? నా బెంగ హాలు గురించి కాదు, దాని గురించి." గడ్డంతో వేదిక వైపు చూపించింది. "అది ఆ తెర ముందు కదలకుండా నిలబడింది. ఇప్పుడు కూడా జడ రాకపోతే ఆ చేతులు నేను బయటికి తీయించలేను. మీరూ తీయించలేరు."

అది నాకూ తెలుసు. ఆశ పెట్టింది నేనే. పెట్టి తీసేసుకుంటే, పెట్టకపోవడం కంటే ఎక్కువ పోతుంది.

టీచరు వెనకే బుగ్గసొట్ట వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను, నిచ్చెనను, నేల మీద పరిచిన తీగల్ని చూసింది. కనుబొమలు పైకెత్తింది. ఏమైంది అని.

నేను మోకాళ్ల మీద లేచి చేతులు తుడుచుకున్నాను. ఈ పిల్లకు అబద్ధం చెప్పడం కష్టం. నోరు అబద్ధమాడినా వేళ్లు పట్టిస్తాయి.

"దీపం వెలుగుతోంది," అన్నాను చేతులతో. "జడ నుంచి సరుకు వస్తోంది. కానీ చిక్కుపడి వస్తోంది. ఎందుకో తెలియడం లేదు."

గడ్డం ముందుకు చాచింది. గోడలు తీయలేదా అని.

"తీశాం. ఇటు నేను తీశాను. అటు అత్తయ్య తీసింది." డయల్‌టోన్‌ను తను ఎన్నడూ చూడకపోయినా మా ఇంట్లో ఆవిడ అత్తయ్యే. "మొత్తం తీసేశాం."

మొత్తం అనడానికి రెండు చేతులూ చాచి, గాల్లో ఉన్నదంతా పోగుచేసి దగ్గరికి తీసుకున్నట్టు చేయాలి. చేశాను.

బుగ్గసొట్ట నా చేతులు చూసింది. పెదవి చివర ఎక్కడో సొట్ట పడింది. చాలా రోజులకు కనిపించింది అది. కుడిచేయి జేబులోంచి తీసి, నన్ను వెక్కిరిస్తూ అదే 'మొత్తం' చేసింది, కానీ చివర్లో చిటికెన వేలు ఒక్కటి ఎడంగా, విడిగా నిలబెట్టింది.

"దారాల పెట్టెలో మొత్తం తీశావే," అంది, "ఆ మొత్తమా?"

ఇత్తడి టోపీ ఉన్న అర దగ్గర నేనన్న మాట గుర్తొచ్చింది.

అది ఉండనీ.

"పదహారు!" అని అరిచాను.

"ఏంటి పదహారు?" అన్నాడు నిచ్చెన.

అప్పటికే ఫోను నా చెవి దగ్గరుంది. "చెల్లెమ్మా! నువ్వు మొత్తం తీశానన్నావు కదా, మొత్తమంటే ఎన్ని?"

"ఆఁ... మొత్తమంటే మొత్తమే అన్నయ్యా, ఇదేం ప్రశ్న? ముప్పై."

"ముప్పై!"

"ముప్పై కాకపోతే నలభై వస్తాయా? మీకేమైనా ఎండదెబ్బ..."

"పదహారో గది?"

అవతల డయల్‌టోన్ తను కొట్టిన నంబర్లు పైకే లెక్కపెట్టుకుంది: పద్నాలుగు, పదిహేను, పదిహేడు.

"అది గంటల గది కదా అన్నయ్యా," అంది మెల్లగా. "దాన్నెవరైనా ముట్టుకుంటారా?"

నిచ్చెన రెండు చేతులతో తల పట్టుకున్నాడు, అట్ట చందమామ తగిలిన చోటే. టీచరు మాత్రం మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "గంటల గదేంటండీ బాబూ?"

ఒక పక్క నవ్వు తన్నుకొస్తుంటే గబగబా చెప్పాను. లైన్లో గదులు ముప్పై రెండు. మొదటిది, సున్నా నంబరుది, తాళం గది. రెండు ఊళ్ల పెట్టెలూ ఒకే తాళంలో అడుగులేస్తున్నాయో లేదో అక్కడ చూసుకుంటాయి. పచ్చదీపం చూసేది ఆ ఒక్క గదినే. మిగతా వాటిలో ఏం జరిగినా దానికి పట్టదు. ఇక పదహారో గది ఉంది. ఎవరు ఫోను ఎత్తారు, ఎవరు పెట్టేశారు, ఎక్కడ గంట మోగించాలి అనే కబురంతా ఫోన్ల కాలంలో అందులోంచే పోయేది. అందుకని దాంట్లో ఎవరి గొంతునూ పెట్టం. అవి రెండూ పోతే గొంతులకు మిగిలేవి ముప్పై. ఫోన్ల మీద బతికిన మాలాంటివాళ్లకు మొత్తమంటే ముప్పైయే. జీతం ఎంత అంటే చెప్పినంత సులువుగా చెప్తాం. ఇవాళ ఫోన్లు లేవు, గంటలు లేవు. అయినా ఆ గదిని వదిలేయడం డయల్‌టోన్ వేళ్లకు అలవాటు. ఆవిడ పెట్టె పాతది, గదుల నంబర్లు చేత్తో కొట్టాలి. ఒకటి నుంచి పదిహేను కొట్టి, పదిహేడు నుంచి ముప్పై ఒకటి కొట్టింది. ఆ పెట్టె ముందు నేను కూర్చున్నా నా వేళ్లూ అలాగే నడిచేవి.

"నా కొత్త పెట్టెకు ఆ అలవాటు లేదు," అన్నాను. "అది ముప్పై ఒక్క గదుల్లో సరుకు నింపి పంపుతోంది. చెల్లెమ్మ ముప్పై గదుల్లోంచే తీసుకుంటోంది. ఉత్తరంలో ప్రతి వరసలోనూ పదహారో అక్షరం తీసేసి, మిగతావి దగ్గరికి జరిపి చదవమన్నట్టు."

"అటునుంచి వచ్చేదీ అంతేనా?" అంది టీచరు.

"అంతే. తను ముప్పై పంపితే నేను ముప్పై ఒకటనుకుని ఏరుకుంటున్నాను."

"అయ్యయ్యో," అంది టీచరు, "ఒక్క గదికా ఇంత గొడవ!"

ఫోనులో టకటకమని మీటల చప్పుడు. మధ్యలో డయల్‌టోన్ తనను తనే తిట్టుకుంటోంది, "గంటలట గంటలు, ఎవరికి మోగిస్తానే తల్లీ గంటలు, ఆ పిల్లలకు వినపడతాయా..." అంటూ. తర్వాత గట్టిగా, "అన్నయ్యా, పదహారు కలిపేస్తున్నా. ఒక్కసారి లైను పడిపోతుంది, గుండె పట్టుకోండి."

పచ్చదీపం ఆరింది. ఎర్రదీపం వెలిగింది. నిచ్చెన కళ్లు మూసుకున్నాడు. బుగ్గసొట్ట మాత్రం రెప్ప వేయకుండా పెట్టె వైపు చూస్తోంది. ఎర్రది ఆరింది.

పచ్చది.

నేను దీపాన్ని నమ్మడం మానేశాను. చిన్న అద్దంలో అంకెలు చూశాను. వానచినుకులు ఆగిపోయాయి. చివరి అంకె ఉన్నచోటే ఉంది. ఇంకా ఉన్నచోటే ఉంది.

హాలంతా ఒక్కసారి గుప్పుమన్న గాలిలా ఒక శబ్దం. తలుపు సందులోంచి చూస్తే తెర నిండా ఒక నుదురు. జడ కెమెరాలోకి దూరిపోయి చూస్తోంది, లోపల ఎవరున్నారా అని. ఎవరో వెనక్కి లాగారు. ముఖం వచ్చింది, భుజాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. జడ చేయి ఎత్తింది. అయిదు వేళ్లు. విడివిడిగా, అంచులతో సహా, చిటికెన వేలి మీద అంటుకున్న సిరా మరకతో సహా.

జడ చూపుడువేలు తన బుగ్గలో గుచ్చి తిప్పింది. ఎక్కడున్నావ్ అన్నట్టు ఇంకోసారి తిప్పింది.

బుగ్గసొట్ట వేదిక మీదికి పరిగెత్తబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. నా వైపు తిరిగింది. రెండు చేతులూ బయటే ఉన్నాయి.

"ఇంటికెళ్లాక దారాల పెట్టెలోంచి ఆ టోపీ కూడా తీద్దామా?" అంది. వెంటనే, నేను ఏమనుకుంటానో అని కాబోలు, "పారేయొద్దు. ఇంకోచోట పెడదాం. కిటికీలో పెడదాం, ఎండ పడుతుంది," అంది.

"పెడదాం," అన్నాను.

తర్వాత జరిగింది నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. భుజం మీద నిచ్చెన గడ్డం. అతని మెడ నా తల మీదుగా ఇంకా పైకి పోయింది.

లిఫ్టు పైకి వెళ్లింది. కిందికొచ్చింది. పైకి వెళ్లింది. విసుగ్గా ఒళ్లు విరుచుకుంది, అరచేయి ఒళ్లు విరుచుకోగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ముసలాయన ఎక్కాడు. నాలుగో అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు కదలలేదు. మళ్లీ నొక్కాడు. లిఫ్టు అటూ ఇటూ చూసి, మెల్లగా, పక్కకు జరిగింది. ముసలాయన మోకాళ్లు టపటపమన్నాయి. ముందు వరసలో ఒక పిల్ల నవ్వలేక కుర్చీలోంచి జారి కింద కూర్చుంది. లిఫ్టు గోడను భుజంతో తోసింది. ఇంకోసారి తోసింది. గోడ పగిలింది. వీధి. లిఫ్టు వీధిలో పరుగు. బుగ్గసొట్ట చేతిని ముందుకు చాపి వేదిక మీద పరిగెత్తుతోంది, తెర వైపు. ముసలాయన ఒక్క వేలి మీద వేలాడుతున్నాడు. అరచేయి తెర అంచును తాకింది.

అర క్షణం ఏమీ లేదు. ఆ అర క్షణమే రెండు ఊళ్ల మధ్య దూరం.

తెర అంచులోంచి, అవతలి ఊళ్లో, జడ అరచేయి దూసుకొచ్చింది. దాని మీద అదే ముసలాయన, అవే మోకాళ్లు, అదే వణుకు. ఒక్క వేలూ కరగలేదు.

"ఓరి నాయనో, దాటేసింది!" అని నిచ్చెన నా చెవిలో అరిచాడు. ఇన్నేళ్లుగా తీగలు లాగిన మనిషి, తీగలోంచి ఒక వస్తువు ఇటునుంచి అటు వెళ్లడం మొదటిసారి కళ్లారా చూసినవాడిలా.

జడ లిఫ్టును సముద్రం దాకా తీసుకెళ్లింది. దూకిందా లేదా అంటే, దూకలేదు. మా పై అధికారికి ఆ సంగతి చెప్పాలి. ఒడ్డున ఆగి, తలుపు తెరిచి, ముసలాయనను దింపింది. ఆయన చెప్పులు విప్పి నీళ్లలో పాదాలు పెట్టాడు. రెండు వేళ్లు, నీళ్లు చల్లగా ఉన్నాయని ముడుచుకోవడం. అంతే కథ.

సామాన్ల గదిలో ఫోను తీగకు వేలాడుతూ, లోపల్నుంచి సన్నగా "అన్నయ్యా, అన్నయ్యా" అంటోంది. మరిచేపోయాను. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఆఁ... అన్నయ్యా, అయిపోయిందా? ఆ కంపెనీవాళ్లు లైను ఎప్పుడిస్తారని రెండుసార్లు అడిగారు. వాళ్ల ముప్పై గొంతులూ కాసేపు ఓపిక పట్టమన్నా. ఎలా చేశారు పిల్లలు? నాకు వినిపించండి, ఒక్కసారి ఆ ఫోను హాల్లో పెట్టండి."

తీగ సాగినంత దూరం సాగదీసి, ఫోనును గుమ్మంలోంచి హాలు వైపు చాచి పట్టుకున్నాను. కాసేపాగి చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

"అన్నయ్యా!" ఆవిడ గొంతు కంగారుగా ఉంది. "చప్పుడు లేదేంటి? మళ్లీ పోయిందా?"

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. పిల్లలు, అమ్మలు, నాన్నలు, కన్నీళ్లతో పెద్ద టీచరు. అందరి చేతులూ తలల పైకి లేచి, వేళ్లు విప్పి, గాలికి ఆకుల్లా ఊగుతున్నాయి. తెర మీద అవతలి హాల్లోనూ అవే చేతులు. వేదిక మీద బుగ్గసొట్టా జడా ఆ చేతుల్ని పట్టించుకోవడం లేదు. కథ అయిపోయిందని వాళ్లకు గుర్తు కూడా లేదు. తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి, ఎన్ని రోజుల కబుర్లో, ఒకరి మాట ఒకరు పూర్తికానివ్వకుండా చెప్పుకుపోతున్నారు.

"పోలేదు చెల్లెమ్మా," అన్నాను. "చేతులు పైకెత్తి ఊపుతూ చప్పట్లు కొడుతున్నారు."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆవిడ కూడా ఆ పచ్చదీపం ముందు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోందేమో.